విశాఖ మీదికి వచ్చిన ఓడల వెంట: గ్వాడల్‌కెనాల్ యాత్ర

సోమవారం

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం రేవు మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే జపాను విమానవాహక నౌక మీది నుంచి లేచినవి. కాకినాడ మీద కూడా అదే రోజు పడ్డాయి. అడ్మిరల్ ఒజావా ఆధ్వర్యంలో బంగాళాఖాతంలో చొరబడ్డ ఆ నౌకాదళం కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచేసి తిరిగి వెళ్లిపోయింది. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ కథ ఇంతవరకే తెలుసు: ఊరు విడిచి పల్లెలకు పారిపోయిన జనం, పేలకుండా మిగిలి ఇప్పుడు విశాఖ మ్యూజియంలో ఉన్న బాంబు. తర్వాత ఆ ఓడలు ఏమయ్యాయని ఎవరూ అడగగా నేను వినలేదు.

అడిగితే జవాబు చాలా దూరం తీసుకెళ్తుంది. ర్యూజో మరో నాలుగున్నర నెలలకే, ఆగస్టు 24న, దక్షిణ పసిఫిక్‌లోని సాలమన్ దీవుల దగ్గర మునిగింది. మన తీరానికి దానితో పాటు వచ్చిన యురా అనే క్రూయిజర్ అక్టోబరు 25న అదే ప్రాంతంలో మునిగింది. ఒజావా ఎక్కి వచ్చిన ప్రధాన నౌక చోకాయ్ తన చరిత్రలోకెల్లా పెద్ద విధ్వంసం చేసింది కూడా ఆ దీవుల ముందరే. మూడు ఓడలూ ఒకే దీవి చుట్టూ తిరిగాయి. ఆ దీవి పేరు గ్వాడల్‌కెనాల్.

బ్రిస్బేన్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి సముద్రంలో మునిగి చేపలు చూడడం పిచ్చి, నాకు పాత ఓడలంటే పిచ్చి. ఇద్దరి పిచ్చీ కలిసే చోటు ఇదొక్కటే కాబట్టి బయల్దేరాం. బ్రిస్బేన్ నుంచి గ్వాడల్‌కెనాల్ మీదే ఉన్న సాలమన్ దీవుల రాజధాని హోనియారాకు విమానంలో మూడు గంటల పైచిలుకు. దిగుతున్నప్పుడు వాడికి కిటికీలోంచి చూపించాను: ఈ రన్‌వే ఉన్న నేల కోసమే ఆరు నెలల యుద్ధం జరిగింది. 1942 జూలైలో జపానువాళ్లు ఇక్కడ విమానస్థలం కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయితే అమెరికాకూ ఆస్ట్రేలియాకూ మధ్య సముద్ర మార్గం వాళ్ల బాంబుల కిందికి వచ్చేది. ఆగస్టు 7న అమెరికా మెరీన్లు దిగి, మర్నాటికల్లా దాన్ని చేజిక్కించుకున్నారు. మిడ్‌వే యుద్ధంలో చనిపోయిన మేజర్ లాఫ్టన్ హెండర్సన్ పేరు పెట్టారు. ఇప్పుడది హోనియారా అంతర్జాతీయ విమానాశ్రయం. లోపల ఇమ్మిగ్రేషన్ వరస, చెమట, ఫ్యాన్లు.

మంగళవారం

పొద్దున్నే స్కైలైన్ రిడ్జ్ మీద ఉన్న అమెరికన్ స్మారకానికి వెళ్లాం. యాభయ్యో వార్షికోత్సవం నాడు, అంటే 1992 ఆగస్టు 7న, ప్రారంభించారట. పెద్ద రాతి పలకల మీద ఏ యుద్ధం ఎప్పుడు జరిగిందో చెక్కి ఉంది. చదవడానికి ఓపిక కావాలి. మా వాడు రెండో పలక దగ్గరే నీడ వెతుక్కున్నాడు. నేను పలకల కన్నా ఎదురుగా ఉన్న సముద్రాన్నే ఎక్కువ చూశాను. ఉత్తరాన తులాగి, ఫ్లోరిడా దీవులు. వాయవ్యంలో పచ్చని శంకువులా సావో దీవి. మధ్యలో ఉన్న నీళ్లకు నావికులు ఐరన్ బాటమ్ సౌండ్ అని పేరు పెట్టారు. అడుగున ఉన్న ఇనుము అంతా ఓడలదే.

అందులో మొదటి విడత చోకాయ్ పని. ఆగస్టు 8 అర్ధరాత్రి దాటాక అడ్మిరల్ మికావా చోకాయ్ ఎక్కి, మరి కొన్ని క్రూయిజర్లతో సావో పక్క నుంచి వచ్చాడు. ఆస్ట్రేలియా విమానం ఒకటి పగలే వాళ్లను చూసింది, కానీ కబురు అందవలసినవాళ్లకు అందవలసిన వేళకు అందలేదు. కాపలా నౌకల్లో నావికులు రెండు రోజులుగా నిద్రలేక తూలుతున్నారు. మికావా విమానాలు పైనుంచి వెలుగు దివిటీలు జారవిడిచాయి, కింద టార్పెడోలు అప్పటికే బయల్దేరాయి. అరగంట పైచిలుకులో ఆస్ట్రేలియా క్రూయిజర్ కాన్‌బెరా, అమెరికా క్రూయిజర్లు క్విన్సీ, విన్సెన్స్, ఆస్టోరియా పనికిరాకుండా పోయాయి. నాలుగూ మునిగాయి. వెయ్యి మందికి పైగా నావికులు చనిపోయారు.

అయితే మికావా అక్కడితో వెనుదిరిగాడు. సరుకులు దించుతున్న రవాణా ఓడలు కొద్ది దూరంలో కాపలా లేకుండా ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. తెల్లవారితే అమెరికా విమానవాహక నౌకల నుంచి దాడి తప్పదని అతని భయం. ఆ నౌకలు అప్పటికే దూరం వెళ్లిపోయాయని అతనికి తెలియదు. తప్పు అతనిదా అని వాదించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నా మటుకు నాకు, చీకట్లో గెలిచినవాడు వెలుగు కోసం ఆగకపోవడంలో వింత కనిపించదు. కాని ఆ రాత్రి రవాణా ఓడలు తగలబడి ఉంటే మెరీన్ల పని అయిపోయేది. అవి సగం సరుకు దించకుండానే వెళ్లిపోయాయి, ఒడ్డున మిగిలిన మెరీన్లు రోజుకు రెండు పూటలే తిన్నారు. అందులో కొంత జపానువాళ్లు వదిలిపోయిన బియ్యం.

సాయంత్రం పాయింట్ క్రూజ్ దగ్గర తీర కాపరుల స్మారకం చూశాం. జపాను ఓడల కదలికలను కొండల మీద దాక్కుని రేడియోలో చెప్పినవాళ్లూ, వాళ్లకు దారి చూపిన దీవివాసులూ అందులో ఉన్నారు. ఊరు మధ్యలో ఉన్నా చూడడానికి ఆగిన వాళ్లం మేమిద్దరమే. మిగతావాళ్లు ఇంటికి వెళ్లే బస్సుల కోసం పరుగులో ఉన్నారు.

బుధవారం

తూర్పు వైపు ప్రయాణం. డ్రైవరు పక్కనున్న మలైతా దీవి మనిషి. దారంతా వక్క నములుతూనే ఉన్నాడు. ఇక్కడ వక్కతో సున్నం, తమలపాకుకు బదులు ఆ జాతి తీగకు కాసే పొడుగాటి కాయ. నాకూ ఇచ్చాడు. నమిలాను, చెవులు వేడెక్కాయి, కాసేపు యుద్ధం సంగతి మరిచిపోయాను.

విమానాశ్రయం దాటగానే ఇలు నది. అమెరికన్లు దాన్ని ఎలిగేటర్ క్రీక్ అన్నారు. ఇక్కడ ఉండేవి మొసళ్లే గాని ఎలిగేటర్లు కావు. నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట ఉంది. మోకాలి లోతు నీళ్లలో పిల్లలు వల పట్టుకుని నడుస్తున్నారు. ఆగస్టు 20 రాత్రి జపాను కర్నల్ ఇచికి తొమ్మిది వందల మంది సైనికులతో ఇదే మేట మీదుగా మెరీన్ల మీదికి ఉరికాడు. శత్రువు ఎంతమంది ఉన్నారో వాకబు చేయలేదు. తుపాకి మందు కన్నా ధైర్యం మేలని నమ్మే శిక్షణ. తెల్లవారేసరికి ఎనిమిది వందల మంది దాకా పోయారు. మేట వెడల్పు చూశాక నాకు ఆ సంఖ్య తల కెక్కింది. నలుగురు పక్కపక్కన నడవాలన్నా ఇబ్బందే అనిపించేంత సన్నగా ఉంది, ఇప్పటి ఇసుక సంగతి చెబుతున్నాను.

ఆ దాడికి ముందు జరిగిన సంగతి ఇక్కడివాళ్లు ఇంకా గర్వంగా చెప్పుకుంటారు. జేకబ్ వూజా పోలీసు సార్జెంటుగా రిటైరైన దీవివాసి, అమెరికన్లకు వేగు. ఇచికి మనుషులకు చిక్కాడు. చెట్టుకు కట్టేసి ప్రశ్నలు వేశారు, బాయ్‌నెట్లతో పొడిచారు, నోరు విప్పలేదు. చచ్చాడనుకుని వదిలేసి వెళ్లాక కట్లు పళ్లతో కొరికి, రక్తం ఓడుతూ పాకుతూ వచ్చి మెరీన్లకు కబురు చెప్పాడు. బతికాడు కూడా, 1979లో నైట్‌హుడ్ ఇచ్చారు, 1984లో చనిపోయాడు. మా డ్రైవరు ఈ కథ చెప్పి, వెంటనే ఇంకోటి కలిపాడు: యుద్ధంలో సామాన్లు మోసిన కూలీ దళంలో తన తాత పనిచేశాడట. అమెరికన్లు ఎక్కువ కూలీ ఇవ్వబోతే బ్రిటిష్ అధికారులు అడ్డుపడ్డారని తాత చివరిదాకా తిట్టుకునేవాడట. మలైతాలో యుద్ధానంతరం బ్రిటిష్ పాలన మీద తిరగబడిన మాసినా రూల్ ఉద్యమం ఈ కూలీ దళంలో పనిచేసినవాళ్ల అనుభవాల్లోంచే చాలావరకు పుట్టింది. రాతి పలకల మీద ఈ సంగతికి చోటు దొరకలేదు.

తెతెరె తీరంలో కొబ్బరి చెట్ల మధ్య ఉభయచర వాహనాలు వరసగా తుప్పు పట్టి ఉన్నాయి. నేల యజమానికి రుసుము చెల్లించి లోపలికి వెళ్లాలి. ఈ దీవిలో ప్రతి శకలం ఎవరో ఒకరి పొలంలో ఉంటుంది. ఒకదాని ట్రాకు పళ్ల మధ్య నుంచి చెట్టు మొలిచి, బండిని పైకెత్తి, ఇనుమును చెక్కలోకి మింగేసింది. మేనల్లుడు వేలితో తట్టి చూశాడు. తుప్పు పెచ్చు ఊడి వాడి అరచేతిలో పొడి అయింది. “మామయ్యా, ఇది ఇంకో పదేళ్లు కూడా ఉండదు” అన్నాడు. వాడు ఇంజనీరు, కాదనలేకపోయాను.

మధ్యాహ్నం బ్లడీ రిడ్జ్. విమానాశ్రయానికి దక్షిణాన గడ్డి పెరిగిన గట్టు, చాలా మామూలుగా ఉంటుంది. సెప్టెంబరు 12 నుంచి 14 దాకా జపాను జనరల్ కవాగుచి సేనలు రాత్రిళ్లు ఈ గట్టెక్కి రన్‌వే వైపు దూసుకువచ్చాయి. అమెరికా కర్నల్ ఎడ్సన్ దళం ఆపింది. పైన నిలబడితే రన్‌వే చేతికందేంత దగ్గర. హెండర్సన్ ఎంత సన్నని దారం మీద నిలిచిందో మ్యాపులో తెలియదు, ఇక్కడ తెలుస్తుంది.

ర్యూజో కథ ముగిసింది కూడా ఈ రన్‌వే వల్లే. ఆగస్టు 24న దాన్ని మిగతా విమానవాహక నౌకలకు ముందుగా పంపి, హెండర్సన్ మీద విమానాలు వదలమన్నారు. వదిలింది. ఈలోగా అమెరికా నౌక సారటోగా విమానాలు దాన్ని పట్టుకుని బాంబులు, టార్పెడో తగిలించాయి. హెండర్సన్ మీద దాడి చేసి తిరిగివచ్చిన దాని విమానాలకు వాలడానికి డెక్కు లేదు, నీళ్లలోనే దిగిపోయాయి. నాలుగున్నర నెలల క్రితం విశాఖ మీదికి విమానాలు లేచింది ఆ డెక్కు మీద నుంచే.

గురువారం

పడవలో తులాగి. అవుట్‌బోర్డ్ మోటారున్న ఫైబర్ పడవ, నడుముకు ఊరట లేని చెక్క బల్ల. సముద్రం ప్రశాంతంగానే ఉందని పడవవాడు అన్నాడు. నా వీపు ఒప్పుకోలేదు. మేము వెళ్లిన దారి కిందే, వందల మీటర్ల లోతున, 1942 నవంబరు 30 నాటి టసఫరోంగా యుద్ధంలో తెగిపోయిన అమెరికా క్రూయిజర్ న్యూ ఆర్లీన్స్ ముందు భాగం ఎక్కడో ఉంది. 2025లో పరిశోధకులు దాన్ని కనిపెట్టారు. ముక్కు ఊడిపోయినా మిగతా ఓడ తేలుతూ తులాగి చేరింది. ఇక్కడ నావికులు కొబ్బరి మొద్దులతో తాత్కాలికంగా ముందు భాగం కట్టి, దాన్ని ఆస్ట్రేలియా దాకా తీసుకెళ్లారు. కొబ్బరి మొద్దు కట్టిన యుద్ధనౌక ఇంకొకటి నేను వినలేదు.

తులాగి యుద్ధానికి ముందు బ్రిటిష్ రాజధాని. 1942 మే 3న జపానువాళ్లు ఆక్రమించారు; మర్నాడే అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్ విమానాలు వచ్చి రేవులోని ఓడలను కొట్టాయి. ఆగస్టు 7న మెరీన్లు ఇక్కడా దిగారు. పక్కనున్న గవుటు, తనంబోగో అనే చిన్న దీవుల మీద జరిగిన పోరు గ్వాడల్‌కెనాల్ మీద కన్నా ఘోరం. యుద్ధం తర్వాత రాజధాని హోనియారాకు, అమెరికన్ల స్థావరానికి, తరలిపోయింది. అందుకే ఇప్పుడు తులాగి మహా నిద్రపోతున్న ఊరు. బ్రిటిష్ వాళ్లు కొండను చీల్చి వేసిన ఇరుకు బాట ఒకటి ఉంది, దాంట్లో నడుస్తుంటే ఎండ నుంచి కాస్త ఊరట. రెండు దుకాణాలు, నాలుగు కుక్కలు.

యార్క్‌టౌన్ విమానాలు కొట్టిన కికుజుకి డిస్ట్రాయర్ అవశేషాలు పక్క దీవి ఫ్లోరిడా తీరంలో ఇంకా నీటిపైకి కనిపిస్తాయి. పడవను దగ్గరకు తీసుకెళ్లాడు. దానిమీద ఉన్న ఫిరంగిని 2017లో జపాను పంపించారు. ఓడ మిగిలింది చాలా కొద్ది: తుప్పు పట్టిన పక్కటెముకల వంటి ఇనుప చట్రాలు, వాటి నడుమ మడ మొక్కలు. మేనల్లుడు ముక్కు మూసుకుని నీళ్లలో దిగాడు, ఇరవై నిమిషాలకు తేలి “చేపలు బాగున్నాయి” అని మాత్రమే చెప్పాడు.

శుక్రవారం

ఈ యాత్రలో నేను కోరుకున్న రోజు ఇదే. పడమటి తీరం వెంట బోనెగి.

నవంబరు మధ్యలో జరిగిన పోరును పసిఫిక్ యుద్ధానికే మలుపుగా లెక్కించేవాళ్లు చాలామంది. హెండర్సన్‌లో విమానాలు ఉన్నంతకాలం పగలు సముద్రం అమెరికన్లది, రాత్రి జపాను వాళ్లది. రాత్రిళ్లు డిస్ట్రాయర్లు వేగంగా వచ్చి సైనికులను దింపి తెల్లవారేలోపు వెళ్లిపోయేవి. భారీ ఫిరంగులు, బియ్యపు మూటలు మోయడానికి వాటికి చోటు లేదు. అందుకే పెద్ద రవాణా ఓడలు తేవాలి, అవి రావాలంటే రన్‌వే నోరు ముందు మూయించాలి. అక్టోబరు 13 రాత్రి కాంగో, హరునా అనే రెండు యుద్ధనౌకలు తొమ్మిది వందలకు పైగా 14 అంగుళాల గుండ్లు హెండర్సన్ మీద దింపాయి. విమానాల్లో సగానికి పైగా నాశనం, అయినా మర్నాడు మిగిలినవి లేచాయి. యురా పోయిందీ ఆ నెలలోనే: అక్టోబరు 25న హెండర్సన్ బాంబర్లు పట్టుకుని దెబ్బతీస్తే సొంత డిస్ట్రాయర్లే ముంచేశాయి.

నవంబరులో మళ్లీ ప్రయత్నించారు. 13 తెల్లవారుజామున చీకట్లో రెండు నౌకాదళాలు ఒకదానిలోకి ఒకటి దూరిపోయి, ఎవరెవరిని కొడుతున్నారో తెలియకుండా కొట్టుకున్నాయి. అమెరికా అడ్మిరళ్లు కాలహన్, స్కాట్ ఇద్దరూ చనిపోయారు. అమెరికా క్రూయిజర్ జూనోతో పాటు అందులో పనిచేస్తున్న సలివాన్ అన్నదమ్ములు అయిదుగురూ పోయారు. జపాను యుద్ధనౌక హియీ మునిగింది. ఆ మర్నాటి రాత్రి సుజుయా, మాయా అనే క్రూయిజర్లు రన్‌వే మీద గుండ్లు కురిపించాయి. సుజుయా పేరు చూడగానే ఆగాను. ఏప్రిల్‌లో ఒజావా వెంట బంగాళాఖాతానికి వచ్చిన ఓడల్లో అదొకటి. వాటిని పంపిన మికావా చోకాయ్ మీదే ఉన్నాడు. ఫలితం లేకపోయింది. పగలు హెండర్సన్ విమానాలు లేచి పదకొండు రవాణా ఓడల్లో ఏడింటిని ముంచాయి. రాత్రి యుద్ధనౌక వాషింగ్టన్ రాడార్ గురితో కిరిషిమాను ముంచింది. మిగిలిన నాలుగు ఓడల్ని అడ్మిరల్ తనాకా తీరానికి దూకించి ఇసుకలో ఎక్కించాడు. అందులో రెండు, హిరొకావా మారు, కినుగావా మారు, బోనెగిలో ఉన్నాయి.

కినుగావా మారు ఇనుము ఒడ్డుకు దగ్గరే నీటి పైకి కనిపిస్తుంది. పిల్లలు దానిమీదికి ఎక్కి దూకుతున్నారు. అరటిపళ్లు అమ్మే ఆడవాళ్ల పక్కన చెప్పులు విడిచి నేనూ దిగాను. అద్దం పెట్టుకుని మునిగితే రెండు చేతులంత దూరంలో పగడాలు పట్టిన ఇనుప దూలం. దాని మీద నీలి చుక్కల చిన్న చేపలు. ఓడ పక్క ఏటవాలుగా లోతులోకి దిగి నల్లని నీళ్లలో కలిసిపోతోంది. ఊపిరి అయిపోయి పైకొచ్చాను. మళ్లీ మళ్లీ దిగాను. ఓడ మోసుకొచ్చిన బియ్యంలో చాలా భాగం ఒడ్డున నిప్పంటుకుని పోయింది.

తర్వాత జపాను దళం ఇంకో ఉపాయం పన్నింది. బియ్యం నింపిన ఇనుప డ్రమ్ములను తాడుతో గుదిగుచ్చి డిస్ట్రాయర్ల మీద నుంచి సముద్రంలో వదిలితే, ఒడ్డునున్న సైనికులు తాడు పట్టి లాక్కోవాలి. డిసెంబరు మొదట్లో ఒక రాత్రి 1500 డ్రమ్ములు వదిలితే చేతికి అందినవి మూడు వందల పైచిలుకు. మిగతావి కొట్టుకుపోయాయి, తెల్లారాక విమానాలు చిల్లులు కొట్టాయి. ఈ దీవి మీద దిగిన ముప్పై వేల పైచిలుకు జపాను సైనికుల్లో ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. తుపాకులకు పోయినవాళ్ల కన్నా ఆకలికీ మలేరియాకీ పోయినవాళ్లు ఎక్కువ. గెలిచినవాళ్లూ మలేరియాతో వేలల్లో ఆసుపత్రి పాలయ్యారు. నేను డాక్టరు రాసిచ్చిన మాత్ర ప్రతి పూటా మరవకుండా వేసుకున్నది అందుకే.

అక్కడి నుంచి వీలు యుద్ధ మ్యూజియం. మ్యూజియం అంటే ఆరుబయట తోట. గడ్డిలో విమానాలు: వైల్డ్‌క్యాట్, కోర్సెయిర్, డాంట్‌లెస్. కాపలా పెద్దాయన వైల్డ్‌క్యాట్ రెక్క పట్టి వెనక్కి తిప్పి మడిచి చూపించాడు. ఎనభై ఏళ్లు దాటిన కీలు ఇంకా తిరుగుతోంది. నాచు పట్టిన జపాను ఫిరంగి గొట్టంలో కందిరీగలు గూడు పెట్టాయి, అటు వేలు పెట్టవద్దని ముందే హెచ్చరించాడు.

శనివారం

మౌంట్ ఆస్టెన్ మీద జపాను శాంతి స్మారకం చూసి దిగేసరికి సగం రోజు అయింది. తెల్లని స్తంభాలు, కింద ఊరు, ఎదుట సావో. అమెరికన్ల స్మారకం లాగే దీన్నీ సముద్రం కనిపించే ఎత్తులోనే కట్టారు. 1943 ఫిబ్రవరి మొదటి వారంలో జపాను డిస్ట్రాయర్లు మూడు రాత్రులు వచ్చి పది వేల ఆరు వందల మందికి పైగా బతికినవాళ్లను తీసుకెళ్లిపోయాయి. అమెరికన్లకు చివరిదాకా అనుమానమే రాలేదు. కొత్త దాడికి సిద్ధమవుతున్నారనుకున్నారు. ఇంత చక్కగా చేసిన పని ఈ యుద్ధంలో జపానుకు ఇదొక్కటేనేమో.

తిరుగు దారిలో సెంట్రల్ మార్కెట్టులో చిలగడదుంపలు, గవ్వల దండలు చూశాం. మార్కెట్టు బయట ఇద్దరు కుర్రాళ్లు మా చేతిలో తూటా కేసులు పెట్టబోయారు. వద్దన్నాను. యుద్ధ అవశేషాలను దేశం దాటించడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం, అదొక కారణం. ఇంకో కారణం కొండ మీద డ్రైవరు చెప్పిన సంగతి. 2021 మేలో హోనియారాలోనే, చందా కోసం పెరట్లో వంట చేస్తుంటే, పొయ్యి కింద భూమిలో ఉన్న అమెరికా ఫిరంగి గుండు పేలి ఇద్దరు యువకులు పోయారు. అంతకు ముందు ఏడాది పేలని గుండ్లను గుర్తించే పనిలో ఉన్న ఇద్దరు విదేశీయులు కూడా ఇక్కడే పోయారు. కొత్త ఇంటికి పునాది తీసేముందు నేలను పరీక్ష చేయించుకునేవాళ్లు ఉన్నారని డ్రైవరు అన్నాడు. అందరికీ ఆ స్తోమత ఉండదు.

విమానాశ్రయంలో మా ముందున్న ఆస్ట్రేలియా పర్యాటకుడి సంచిలో పచ్చబడ్డ తూటా కేసు దొరికింది. కస్టమ్స్ ఆమె దాన్ని విసుగ్గా పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. డబ్బా అప్పటికే సగం నిండి ఉంది. ఆ తర్వాత మా వంతు వచ్చింది. మేనల్లుడి సంచిలో తడి తువ్వాలు తప్ప ఏమీ లేదు, నా సంచిలో ఎండు వక్కలు ఉన్నాయి. మొక్కల సరుకు ఆస్ట్రేలియాలోకి రానివ్వరని గుర్తుచేసి వాటినీ ఆమే తీసేసుకుంది.